అలల్లో విండ్‌సర్ఫింగ్: గాలి ఎంతుందో తర్వాత, ఎటు నుంచి వస్తోందో ముందు చూడండి

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో విండ్‌సర్ఫింగ్, అంటే తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో నీళ్ళ మీద పోయే ఆట, పట్టుకున్న మనవాళ్ళని చూస్తే దారి దాదాపు ఒకటే. ఫాస్టర్ సిటీలో థర్డ్ ఎవెన్యూ దగ్గరో, శాన్ మటేయోలో కొయోటీ పాయింట్ దగ్గరో ఒకటి రెండు సీజన్లు తిరుగుతారు, తెరచాప లాగుడుని నడుం మీదికి తీసుకునే హార్నెస్ పట్టీ అలవాటవుతుంది, నీళ్ళలో పడ్డా వాటర్‌స్టార్ట్ చేసి, అంటే గాలి చేతే పైకి లాగించుకుని, లేస్తారు, ఫుట్‌స్ట్రాప్స్‌లో కాళ్ళు కుదురుకుంటాయి, ఇక అక్కణ్ణుంచి మనసు అలల మీదికి పోతుంది. ఒక శనివారం ఫోన్ తీసి శాంటా క్రూజ్ పైన ఉన్న వాడెల్ క్రీక్‌లో గాలి చూస్తారు. 22 నాట్లు, అంటే గంటకి దాదాపు 40 కిలోమీటర్లు, అని కనబడగానే సామాను కారు మీద కట్టేసి హైవే 1 ఎక్కేస్తారు. ఆ 22 పక్కనే చిన్న బాణం గుర్తు ఒకటి ఉంటుంది, దాని మొహం కూడా చూడరు.

నేను చెప్పబోయేదంతా ఆ బాణం గురించే. అలల్లోకి కొత్తగా దిగేవాళ్ళకి గాలి వేగం రెండో ప్రశ్న. గాలి తీరానికి ఏ కోణంలో తగులుతోందన్నది మొదటి ప్రశ్న. సరైన కోణంలో 16 నాట్లుంటే చాలు, మధ్యాహ్నమంతా ఆడుకోవచ్చు. అదే 22 నాట్లు తప్పు కోణంలో వస్తే రెండే రకాలు: ఒకటి, ఒడ్డు దాటి బయటికి వెళ్ళలేరు, రెండోది, బయటికి బ్రహ్మాండంగా వెళ్తారు గానీ ఒడ్డుకి తిరిగి రాలేరు. మొదటి దాంట్లో పోయేది పార్కింగ్ డబ్బులూ పెట్రోలూ మాత్రమే.

కోణం మీద ఇంత పట్టుదల ఎందుకంటే

ఈ బోర్డుకి చుక్కాని లేదు. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హోయిల్ ష్వైట్జర్ తయారుచేసిన డిజైన్‌లో అసలు సంగతే అది: మాస్ట్, అంటే తెరచాప స్తంభం, దాని అడుగున అన్ని వైపులా తిరిగే కీలు, తెరచాపని ముందుకి వంచితే బోర్డు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వంచితే గాలి వైపుకి తిరుగుతుంది. నడపడం, తిప్పడం, ఆపడం అన్నీ గాలితోనే. ఆ గాలి వచ్చే దిక్కుకి దాదాపు అటు 45, ఇటు 45 డిగ్రీల లోపల ఈ తెరచాప ముందుకి వెళ్ళదు. నిలకడగా ఉన్న నీళ్ళలో ఇది పెద్ద ఇబ్బంది కాదు, వంకరటింకరగా ఎంతసేపైనా గాలికి ఎదురెక్కుతారు, ఎవరూ తొందరపెట్టరు. అలల్లో అలా కాదు. ఏడెనిమిది సెకన్లకో నురగగోడ వచ్చి మీరు సంపాదించుకున్న దూరాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. బయటికి వెళ్ళే దారి ఆ నిషిద్ధ కోణంలో పడిందా, తలప్రాణం తోకకొస్తుంది.

బాణాన్ని చదవడం

గాలికి అది ఎటు నుంచి వస్తోందో ఆ దిక్కు పేరే పెడతారు. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది. సముద్రపు గాలీ, తుఫానుగాలీ ఏదైనా ఇదే లెక్క. దూరం నుంచి వచ్చే అలల వరస, అంటే స్వెల్, దానికీ ఇదే పద్ధతి. ప్రవాహానికి మాత్రం ఉల్టా: దక్షిణ ప్రవాహం అంటే దక్షిణానికి పోయేది. ఇంకో చిక్కు, విండీ, విండ్‌గురు లాంటి యాప్‌లలో డిగ్రీల అంకె గాలి వచ్చే దిక్కుని చెబుతుంది, బాణం మొన మాత్రం గాలి పోయే వైపు చూపిస్తుంది. 315 అని రాసి ఉంటే వాయవ్యం నుంచి, బాణం మొన ఆగ్నేయం వైపు. వాస్తు పుణ్యమా అని మనకి ఈ మూలలన్నీ నోటికొచ్చు కాబట్టి ఇక్కడ అమెరికా వాళ్ళకంటే మనమే ఓ అడుగు ముందున్నాం.

ఇప్పుడు అసలు లెక్క, ఒక్క తీసివేతే. నీటి అంచుకి సరిగ్గా ఎదురుగా సముద్రం వైపు తిరిగి నిలబడండి, ఫోన్‌లో దిక్సూచి తెరవండి, అది చూపించే డిగ్రీలు రాసుకోండి. అది ఆ బీచ్ మొహం. వాడెల్ దగ్గర బీచ్ దాదాపు నైరుతికి, అంటే 225 ప్రాంతానికి తిరిగి ఉంటుంది. గాలి డిగ్రీల్లోంచి దీన్ని తీసేయండి. తేడా సున్నా అయితే గాలి సూటిగా మొహానికి కొడుతోంది, అది ఆన్‌షోర్. తేడా 90 అయితే ఒడ్డు వెంబడి అడ్డంగా వెళ్తోంది, సైడ్‌షోర్. 180 అయితే వీపు మీద కొట్టి సముద్రంలోకి పోతోంది, ఆఫ్‌షోర్. 0కీ 90కీ మధ్యది సైడ్-ఆన్, 90కీ 180కీ మధ్యది సైడ్-ఆఫ్. వాడెల్‌లో వాయవ్యపు గాలి 315 ఉంటే తేడా 90. అదే 295కి జరిగితే తేడా 70, అంటే కాస్త ఒడ్డు వైపుకి నెట్టే సైడ్-ఆన్. తేడా 180 దాటి వస్తే 360లోంచి తీసేయండి.

ఇంటి దగ్గర ఉన్నప్పుడే మ్యాప్ మీద ఈ లెక్క వేసుకోవచ్చు, నేనైతే అలా వేసుకోకుండా కారు తీయొద్దనే చెబుతాను.

ఏ కోణం కావాలి

మీకు కావాల్సింది 60 నుంచి 80 మధ్య. సైడ్-ఆన్. ఈ మాట చెబితే చాలామందికి నచ్చదు, ఎందుకంటే వీడియోల్లో చూసిన అలలు వేరు. నున్నగా గాజులా నిలబడ్డ అల, దాని మీంచి వెనక్కి ఎగిరిపోయే తుంపర, కింద గీత గీసినట్టు తిరిగే బోర్డు. అది సైడ్-ఆఫ్ గాలి. ఒడ్డు నుంచి వచ్చే గాలి అల మొహాన్ని ఎదురొత్తి పట్టుకుంటుంది, అల ఆలస్యంగా, నిటారుగా విరుగుతుంది. చూడ్డానికి అంత అందం ఉండదు ఇంకే గాలిలోనూ. కేప్ టౌన్‌లో సన్‌సెట్ బీచ్ దగ్గర వేసవి ఆగ్నేయపు గాలి అలాగే ఉంటుంది, పడమటి మొహంగా ఉన్న తీరానికి ఎడమ వెనక నుంచి కొడుతుంది. ఆడేవాళ్ళకి పండగ. కానీ అక్కడ మాస్ట్ ఫిట్టింగ్ ఒకటి ఊడిందంటే గాలి మిమ్మల్ని అట్లాంటిక్‌లోకి సాగనంపుతుంది.

సైడ్-ఆన్‌లో అందం తక్కువ. అలలు కాస్త చెదిరి ఉంటాయి, త్వరగా నలిగిపోతాయి, నీళ్ళ మీద గతుకులు. అయితే మీరు పడతారు, చాలాసార్లు పడతారు, తెరచాప ఒక చోట, బోర్డు ఒక చోట, నోట్లో ఉప్పునీళ్ళు, ఆ పరిస్థితిలో గాలీ అలా రెండూ కలిసి మిమ్మల్ని మెల్లగా ఇసక వైపుకే తోస్తుంటాయి. ఏమీ చేయకపోయినా ఒడ్డుకి వస్తారు. మొదటి సీజన్‌లో ఇంతకంటే విలువైనది లేదు. ఇంకోటి, సైడ్-ఆన్ గాలి నీటిని దాటుకుని వస్తుంది కాబట్టి, దారిలో కొండలూ చెట్లూ ఇళ్ళూ ఉండవు కాబట్టి, ఒకే ఊపుగా నిలకడగా ఉంటుంది.

సరిగ్గా సైడ్‌షోర్, 85–95, బాగానే ఉంటుంది. బయటికీ లోపలికీ రెండు వైపులా గాలికి అడ్డంగా పోవడమే, అదే బోర్డుకి తేలికైన దారి. రెండో సీజన్‌కి ఇది.

సూటిగా ఆన్‌షోర్ అయితే ఇంట్లో ఉండండి. ప్రాణాపాయం లేదు గానీ, బయటికి వెళ్ళే దారీ గాలి వచ్చే దారీ ఒకటే అయిపోతుంది, ఒడ్డున విరిగే అల దగ్గరే మధ్యాహ్నమంతా గడిచిపోతుంది, మాస్ట్ విరగ్గొట్టుకునేదీ ఎక్కువగా అక్కడే.

ఆఫ్‌షోర్ అయితే నీళ్ళలో పాదం కూడా పెట్టొద్దు. దీనికి ఒక మోసం ఉంది. ఆఫ్‌షోర్ గాలిలో ఒడ్డు దగ్గర నీళ్ళు చదునుగా, ప్రశాంతంగా కనిపిస్తాయి, గాలి కూడా తక్కువగానే తగులుతుంది, కొత్తవాళ్ళకి 'ఇవాళ తేలిగ్గా ఉంది' అనిపిస్తుంది. ఓ రెండు మూడొందల మీటర్లు దాటాక ఒడ్డు చాటు పోయి అసలు గాలి దొరుకుతుంది. అప్పటికి తిరిగి రావాలంటే గాలికి ఎదురెక్కాలి.

కుడి గాలి, ఎడమ గాలి

సముద్రం వైపు మొహం పెట్టి నిలబడితే గాలి కుడి చెంపకి తగులుతోందా, ఎడమ చెంపకా అన్నది కూడా ముందే తెలుసుకోవాలి. కుడి నుంచి అయితే బయటికి వెళ్ళేటప్పుడు కుడి చెయ్యి, కుడి కాలు ముందుంటాయి. అల మీద తిరిగి వచ్చేటప్పుడు ఎడమ చెయ్యి, ఎడమ కాలు ముందు. వాడెల్ అలాంటిదే. హవాయిలో మావీ ద్వీపంలో పేరున్న హోకీపా కూడా అలాంటిదే, ఉత్తరం మొహంగా ఉన్న తీరానికి ట్రేడ్ విండ్, అంటే అక్కడ ఎక్కువ రోజులు ఒకే దిక్కు నుంచి వీచే గాలి, తూర్పు-ఈశాన్యం నుంచి, అంటే కుడి నుంచి వస్తుంది. కెనరీ దీవుల్లో పోజో దగ్గర గాలి ఎడమ నుంచి. మనలో ప్రతి ఒక్కరికీ ఒక వైపు తిరగడం బాగా వస్తుంది, రెండో వైపు అంతంతమాత్రం. మీకు ఏ చెయ్యి ముందున్నప్పుడు ధైర్యంగా ఉంటుందో చూసుకుని, ఆ వైపు మీద బయటికి వెళ్ళే బీచ్‌ని మొదట ఎంచుకోండి. నురగ దాటేటప్పుడే కదా కంగారు, తిరిగొచ్చేటప్పుడు తీరిగ్గా నేర్చుకోవచ్చు.

బీచ్‌కి చేరాక పావుగంట

రిగ్, అంటే మాస్టూ తెరచాపా, కట్టడానికి తొందరపడకండి. ఇసకలో నిలబడి కళ్ళు మూసుకుని తల మెల్లగా అటూ ఇటూ తిప్పండి, రెండు చెవుల్లోనూ హోరు సమానంగా వినిపించిన చోట మీ ముక్కు సరిగ్గా గాలికి ఎదురుగా ఉంటుంది. గుప్పెడు పొడి ఇసక తీసి వదిలి చూడండి, ధాన్యం తూర్పారబట్టే ముందు కళ్ళంలో రైతు చూసుకున్నట్టే. సీగల్ పక్షులు ఇసక మీద గుంపుగా ఉంటే అవన్నీ ఒకే వైపు తిరిగి నిలబడి ఉంటాయి, గాలికి ఎదురుగా, ఎందుకంటే వెనక నుంచి గాలి కొడితే ఈకలు లేచిపోతాయి. గాలి తిరిగితే అవీ తిరుగుతాయి. పార్కింగ్‌లో ఉన్న జెండాని మాత్రం నమ్మొద్దు, కార్లూ గుట్టలూ గాలిని తిప్పేస్తాయి.

తర్వాత నీళ్ళని చూడండి. గాలి గట్టిగా తగిలే చోట నీరు ముదురు రంగులో, సన్నటి ముడతలతో ఉంటుంది; గాలి లేని చోట లేత రంగులో మెరుస్తుంది. ఒడ్డు నుంచి ముదురు రంగు మొదలయ్యేదాకా ఎంత దూరమో అంచనా వేయండి, ఆ దూరమంతా మీరు బలం లేని తెరచాపతో అలల్ని దాటాలి. తెల్లటి నురగ తలలు అక్కడక్కడ మొదలైతే 10 నాట్ల దరిదాపు, అంతటా విరివిగా కనబడితే 17 దాటినట్టు లెక్క. అల విరిగే క్షణంలో తుంపర ఎటు పోతోందో చూడండి. సముద్రం వైపుకి వెనక్కి ఎగిరితే గాలి ఆఫ్ వైపు ఉంది. తుంపర లేకుండా అల నెత్తి ముందుకి కూలిపోతుంటే ఆన్ వైపు ఉంది.

అన్నిటికంటే మంచి యంత్రం, అప్పటికే నీళ్ళలో ఉన్న మనిషి. ఒకరిని ఎంచుకుని కళ్ళతో వెంబడించండి. ఎక్కడ దిగారు, బయటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి దిగిన చోటికే వచ్చారా, గాలి పోయే వైపుకి జారిపోయారా? బాగా ఆడేవాళ్ళే వంద మీటర్లు జారిపోతుంటే మీరు మూడొందలు జారిపోతారని రాసిపెట్టుకోండి. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ తెరచాప ఒక్కసారి చతికిలపడుతోందంటే అక్కడ గాలి చాటు ఉందన్నమాట. నలుగురు ఉంటే వెళ్ళి అడగండి కూడా. ఏ బీచ్‌లోనైనా విండ్‌సర్ఫర్లకి గాలి గురించి అడిగితే చాలు, ఆపడమే కష్టం.

గాలి ఒక చోట నిలబడదు

పొద్దున చూసిన కోణం మధ్యాహ్నానికి ఉండదు. ఎండకి నేల వేడెక్కి, అక్కడి గాలి తేలికై పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. కాలిఫోర్నియాలో ఇది మరీ ఎక్కువ, ఒడ్డున పసిఫిక్ నీళ్ళు చల్లగా ఉంటాయి, లోపల సెంట్రల్ వ్యాలీ మాత్రం వేసవిలో మాడిపోతుంటుంది, రెండింటి మధ్య తేడా ఎంత పెరిగితే గాలి అంత గట్టిపడుతుంది. వసంతం, వేసవి మధ్యాహ్నాలు అక్కడ సీజన్ కావడానికి కారణం అదే.

ఈ సముద్రగాలి మొదట తీరానికి సూటిగా మొదలై, గంటలు గడిచేకొద్దీ మెల్లగా కుడి వైపుకి తిరుగుతుంది. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో ఎక్కడైనా ఇదే పోకడ: పడమర నుంచి మొదలైతే వాయవ్యానికి, ఆగ్నేయం నుంచి మొదలైతే దక్షిణానికి. కాబట్టి మధ్యాహ్నం పన్నెండింటికి ఆన్‌షోర్‌గా కనిపించి విసుగు పుట్టించిన గాలి మూడింటికి చక్కటి సైడ్-ఆన్ అవ్వొచ్చు. కాస్త ఓపిక పట్టండి. దక్షిణార్ధగోళంలో ఎడమకి తిరుగుతుంది, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళు లెక్క తిరగేసుకోవాలి.

విశాఖ తీరం దీనికి మంచి పాఠం. అక్కడ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంటుంది, సముద్రం ఆగ్నేయం వైపు. తెల్లవారుజామున నేల మీంచి సముద్రంలోకి గాలి, అదే ఆఫ్‌షోర్. తెరచాప తెప్పల కాలంలో ఆ గాలి మీదే వేటకి వెళ్ళి, మధ్యాహ్నం లేచే సముద్రగాలి మీద తిరిగొచ్చేవాళ్ళు. ఇక జూన్ దాటాక నైరుతి రుతుపవనం గాలి ఆ తీరం వెంబడే పోతుంది. బీచ్ మొహం 135 అనుకుంటే, గాలి 225, తేడా 90, కాగితం మీద అచ్చమైన సైడ్‌షోర్, కుడి చెంప మీద. కాగితం మీద అన్నానని గమనించండి. బంగాళాఖాతంలో రుతుపవనాల కెరటాలూ, ఒడ్డున విరిగే అలా, రాళ్ళూ కొత్తవాళ్ళకి కావు. హైదరాబాద్ వాళ్ళకైతే వేరే దారి ఉంది, రుతుపవనాల గాలి ఉన్న జులైలో హుస్సేన్ సాగర్‌లో పడవ పందేలు జరుగుతాయి, గాలి దిక్కు చదవడం అక్కడ తెరచాప పడవ మీద నేర్చుకున్నా పనికొస్తుంది.

యాప్‌ల గురించి ఒక మాట. విండీలో డిఫాల్ట్‌గా కనిపించే యూరోపియన్ వాతావరణ మోడల్ సుమారు 9 కిలోమీటర్ల గడుల మీద లెక్క కడుతుంది. మీ బీచ్ పొడవు ఒక కిలోమీటరు. పక్కన కొండ ఉందన్న సంగతి దానికి అరకొరగానే తెలుసు. రోజు మొత్తం మీద గాలి పోకడ తెలుసుకోవడానికి అది చాలు, కోణం కోసం మాత్రం అక్కడ నిజంగా కొలిచే మీటర్ ఉంటే దాన్ని చూడండి, లేదా సముద్రంలో అమెరికా వాతావరణ సంస్థ నోవా (NOAA) తేలించిన బోయా రీడింగ్ చూడండి. రెండు అంకెలు ఉంటాయి, సగటు గాలీ, విసురూ. రెండింటి మధ్య తేడా 5 నాట్ల లోపుంటే హాయి. 14 సగటు, 25 విసురు అని ఉంటే గాలి నేల మీంచి వస్తోందనో, ఏదో అడ్డు దాటి వస్తోందనో అనుమానించాలి.

అడ్డు సంగతి: కొండ గానీ, చెట్ల వరస గానీ, భవనాలు గానీ గాలి వచ్చే వైపున ఉంటే, దాని ఎత్తుకి పది రెట్ల దూరం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ దూరం, గాలి చెడిపోయి ఉంటుంది. 20 మీటర్ల గట్టు 200 మీటర్ల నీటిని పాడుచేస్తుందన్నమాట. అదే కొండలు ఇంకోచోట మేలు చేస్తాయి. మావీలో హలేయకలా ఎత్తు 3,055 మీటర్లు, పడమర వైపు మరో కొండల వరస, ఆ రెండింటి మధ్య ఇరుకు మైదానంలోకి ట్రేడ్ విండ్ దూరి వేగం పుంజుకుంటుంది. ఆ నోటి దగ్గరే, కహులుయి విమానాశ్రయం పక్కన, కనాహా బీచ్ ఉంది. హవాయి వెళ్ళి తీరాలనుకుంటే మొదట అక్కడికి వెళ్ళండి. హోకీపా వద్దు, గాలి పోయే వైపున నల్లటి లావా రాళ్ళు కాచుకుని ఉంటాయి.

ఇక నీళ్ళలోకి

వాడెల్ లాంటి చోట, గాలి కుడి నుంచి, తేడా 70 అనుకుందాం. దిగాల్సిన చోటు కంటే ఓ రెండొందల మీటర్లు గాలి వచ్చే వైపుకి నడిచి దిగండి, అంటే ఇక్కడ కుడి వైపుకి. ఎందుకంటే మొదటి పది నిమిషాల్లో మీరు జారేది ఎడమకే. ఎడమ వైపు ఒడ్డంతా ఇసకేనా, మధ్యలో రాళ్ళు గానీ, కట్ట గానీ, ఈతగాళ్ళు గానీ ఉన్నారా చూసుకుని, 'ఈ గుర్తు దాటి జారిపోతే బయటికొచ్చేస్తా' అని ఒక చెట్టో స్తంభమో ముందే అనుకోండి.

నీళ్ళలో నడిచేటప్పుడు బోర్డు ముక్కు అలల వైపు, మీరు గాలి వచ్చే పక్కన. బోర్డుకీ ఒడ్డుకీ మధ్యలో మాత్రం ఎప్పుడూ ఉండకూడదు. మోకాలి లోతులో వచ్చే అల కూడా బోర్డుని ఎత్తి కాళ్ళ మీద వేయగలదు. రెండు అలల మధ్య ఖాళీ దొరకగానే ఎక్కేయండి, ఆలోచిస్తూ నిలబడితే తర్వాతి అల వచ్చేస్తుంది.

సైడ్-ఆన్‌లో అందరూ చేసేది ఒకటుంది, బయటికి వెళ్ళాలన్న ఆత్రంలో ముక్కుసూటిగా సముద్రం వైపుకి బోర్డు తిప్పేస్తారు. తేడా 70 కాబట్టి ఆ సూటి దారి గాలికి కాస్త ఎదురుదారే, బోర్డుకి వేగం రాదు, వేగం లేని బోర్డుని నురగ అక్కడికక్కడే ఆపేస్తుంది. అలా కాకుండా ఖాళీ ఉన్నంతసేపు గాలికి అడ్డంగా, అంటే కొంచెం ఎడమకి ఏటవాలుగా పోయి వేగం తెచ్చుకోండి. నురగ దగ్గరికొచ్చాక చివరి క్షణంలో ముక్కుని దానికి సూటిగా తిప్పి, ముందు కాలి మీద బరువు తగ్గించి, మోకాళ్ళు వంచి దాటండి. దాటగానే మళ్ళీ ఎడమకి వదిలి వేగం. దూరం తక్కువ ఎక్కినా ఫరవాలేదు.

నురగ తగిలినప్పుడు ఇంకోటి జరుగుతుంది. మీరు వేగంగా పోతున్నంతసేపు మీ వేగం వల్ల పుట్టే ఎదురుగాలి కూడా అసలు గాలికి కలుస్తుంది, అందుకే గాలి ముందు నుంచి వస్తున్నట్టు ఉంటుంది, తెరచాపని దానికి తగ్గట్టు లాగి పట్టుకుంటారు. నురగ కొట్టి బోర్డు ఒక్కసారి నెమ్మదించగానే ఆ ఎదురుగాలి మాయం, గాలి పక్క నుంచి పూర్తి బరువుతో తెరచాప మీద పడుతుంది, హార్నెస్ కొక్కెంతో సహా మిమ్మల్ని ముందుకి విసిరేస్తుంది. బయట గాలేమీ పెరగలేదు, మీరు ఆగారు, అంతే. అందుకని నురగ తగిలే ముందు హార్నెస్ కొక్కెం విడిపించండి, తగిలే క్షణంలో వెనక చెయ్యి కాస్త సడలించండి. దాటాక మళ్ళీ లాగండి.

అలలు విరిగే చోటు దాటి బాగా బయటికి వెళ్ళాకే మలుపు తిరగండి. విరిగే చోట జైబ్, అంటే గాలి పోయే వైపుకి తిరిగే మలుపు, ప్రయత్నాలు వద్దు. తిరిగొచ్చేటప్పుడు ఇంకా విరగని వాలు ఒకటి ఎంచుకుని దాని ముందు నిలబడితే చాలు, ఇప్పుడు ఎడమ చెయ్యి ముందు. సైడ్-ఆన్‌లో అలలూ గాలీ ఇంచుమించు ఒకే వైపు పోతుంటాయి, కాబట్టి అల మీద వేగం పెరిగేకొద్దీ తెరచాప తేలికైపోతుంది, చేతుల్లో పట్టేమీ లేనట్టు అనిపిస్తుంది. కంగారుపడి వెనక్కి వాలితే నీళ్ళలో పడతారు. మోకాళ్ళ మీద నిలబడాలి తప్ప చేతుల మీద వేలాడకూడదు. మొదట్లో గాలి వచ్చే వైపుకి, అలకి వీపు పెట్టి తిరిగే మలుపులే వేయండి, తిరిగిన కొద్దీ తెరచాపలో బలం మళ్ళీ వస్తుంది. వీడియోల్లో చూసిన ఆ రెండో రకం మలుపు, గాలి పోయే వైపుకి అల మొహం చూస్తూ తిరిగేది, సైడ్‌షోర్ గాలికి మారాక దానంతటదే తేలికవుతుంది.

వేగం మాట

ఇప్పుడు అడగండి ఎన్ని నాట్లని. కొత్తవాళ్ళకి 15 నుంచి 20, అంటే గంటకి 28 నుంచి 37 కిలోమీటర్లు. తెరచాప మీద పడే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, 15 నుంచి 20కి పెరిగితే బలం దాదాపు ఒకటిం ముప్పావు రెట్లు. 75 కిలోల మనిషికి 18–20 నాట్లలో 5.0 నుంచి 5.5 చదరపు మీటర్ల తెరచాప సరిపోతుంది. అలల్లో అందరూ ఒక సైజు చిన్నది కడతారు, కొత్తవాళ్ళు మాత్రం మరీ చిన్నది కట్టొద్దు, నురగ దాటాక మళ్ళీ వేగం అందుకోవడానికి బలం కావాలి. బోర్డు మీ బరువు కిలోల్లో ఎంతో అంతకి ఇంకో 20–30 లీటర్లు ఎక్కువ. అలలు నడుం ఎత్తు దాటకూడదు. వాడెల్ నీళ్ళు వేసవిలోనూ గడ్డకట్టించేలా ఉంటాయి కాబట్టి మందపాటి వెట్‌సూట్ లేకుండా దిగొద్దు, చలికి వేళ్ళు బిగుసుకుపోతే గాలి ఎటున్నా ఒకటే.

గాలి పడిపోతే, లేదా తిరిగిపోతే

నీళ్ళలో ఉన్నప్పుడు ఓ పది నిమిషాలకోసారి ఒడ్డు మీద అనుకున్న గుర్తుని చూసుకోండి, నురగ తలలు తగ్గుతున్నాయా, ముదురు రంగు ఒడ్డుకి దూరంగా జరుగుతోందా గమనించండి. సాయంత్రం నాలుగైదు దాటాక ఇవి త్వరగా మారతాయి. తగ్గుతోందనిపిస్తే ఇంకొక్క రౌండ్ అనుకోకుండా వచ్చేయండి.

బయట ఇరుక్కుపోతే బోర్డుని మాత్రం వదలొద్దు, తేలేదీ కనబడేదీ అదే. సైడ్-ఆన్ గాలి అయితే తెరచాపని నీళ్ళలో పరిచి ఉంచి బోర్డు మీద పడుకోండి, కాస్త ఆలస్యమైనా ఇసకకే చేరతారు. గాలి పూర్తిగా పోతే మాస్ట్‌ని బోర్డు నుంచి విడదీసి, తెరచాపని చుట్టి బోర్డు మీద పెట్టుకుని, దాని మీద పడుకుని చేతులతో తెడ్డేయండి, ఒడ్డుకి సూటిగా కాకుండా ప్రవాహానికి అడ్డంగా ఏటవాలుగా. గాలి ఆఫ్ వైపుకి తిరిగి సముద్రంలోకి లాగేస్తుంటే తెరచాప మీద ఆశ వదులుకోండి, దాన్ని సముద్రానికి వదిలేసి ఒట్టి బోర్డు మీద వెంటనే ఒడ్డు వైపు మొదలుపెట్టండి. ఎవరైనా కనబడుతుంటే రెండు చేతులూ పక్కలకి చాచి పైకీ కిందకీ ఊపండి, సాయం కావాలనడానికి అది అంతటా తెలిసిన సంజ్ఞ. వెళ్ళే ముందు ఒడ్డున ఒకరికి ఏ టైముకి తిరిగొస్తారో చెప్పి వెళ్ళండి, ఆ టైము దాటితే 911కి ఫోన్ చేయమనీ చెప్పండి.